గాలం పట్టిన గాజుల చేతులు

నీళ్ళతో ఆడవాళ్ళకున్నంత సావాసం ఇంకెవరికుంది చెప్పండి? బిందెలు మోసేది మనమే, బట్టలు ఉతికేది మనమే, కార్తీక మాసంలో తెల్లవారకముందే లేచి దీపాలు వదిలేదీ మనమే. అయినా చెరువు మధ్య దాకా వెళ్ళి, అక్కణ్ణించి ఒడ్డు ఎలా కనిపిస్తుందో చూసినవాళ్ళు మనలో ఎందరున్నారు? "నీళ్ళ దగ్గరికి వెళ్ళకే" అన్న మాట వినకుండా పెరిగిన ఆడపిల్ల మన ఇళ్ళల్లో అరుదు. మగపిల్లలు దొంగచాటుగానైనా వెళ్ళి ఈత నేర్చుకుని వస్తారు. మనం మాత్రం మెట్టు మీద నిలబడి చెంబుతో ముంచుకుని వచ్చేస్తాం.

ఇప్పుడీ ప్రస్తావన ఎందుకంటే... కిందటేడు జూన్‌లో అమెరికాలో బోస్టన్ దగ్గరుండే మా చెల్లెలి ఇంటికి వెళ్ళినప్పుడు ఒక విహారయాత్ర చేశాను. విహారమంటే బస్సులో కూర్చుని కిటికీలోంచి చూసి రావడం కాదు. మా అమ్మ కాక ఎనిమిదిమంది ఆడవాళ్ళం, పదో తరగతి వయసు అమ్మాయిలు ఇద్దరు. రెండు రాత్రులు చెరువు దగ్గర గుడారాల్లో పడుకోవడం, పగలు చిన్న చిన్న పడవలు నడుపుకుంటూ గాలం వేసి చేపలు పట్టడం! మాలో ఐదుగురం తెలుగువాళ్ళం. గుంటూరు ఆవిడ ఒకరు, కరీంనగర్ ఆవిడ ఒకరు, తిరుపతి ఆవిడ ఒకరు, మా అక్కచెల్లెళ్ళం ఇద్దరం. మిగతా ముగ్గురూ ఆ దేశంవాళ్ళే. మాకందరికీ పెద్ద దిక్కు మా చెల్లెలి పక్కింటావిడ. గ్రంథాలయంలో పనిచేసి రిటైరయ్యారు. అరవై నాలుగేళ్ళ మనిషి, పడవను ఒక్కతే కారు మీదకి ఎత్తి కట్టేస్తారు.

"మరి మగవాళ్ళో?" అని అడిగింది మా అమ్మ.

"ఇళ్ళల్లోనే ఉంటారమ్మా. పిల్లల్ని చూసుకుంటారు" అంది చెల్లెలు.

అమ్మ బుగ్గన వేలేసుకుంది.

ఆడవాళ్ళు కుట్టిన పడవ

మేం ఎక్కిన పడవని కయాక్ అంటారు. సన్నగా, పొడుగ్గా, రెండు కొసలూ కోసుగా ఉంటుంది. మామూలుగా ఒక్క మనిషికే చోటు. ఇద్దరు కూర్చునేవీ ఉంటాయి. తెడ్డుకి రెండు వైపులా రేకులుంటాయి. కుడీ ఎడమా మార్చి మార్చి వేస్తూ పోవాలి. ఇప్పుడివి ప్లాస్టిక్‌తో చేస్తున్నారు గానీ, దీని పుట్టిల్లు ఉత్తరధ్రువం దగ్గరి మంచు ప్రాంతాలు. అక్కడి ఇన్యూట్ జాతివాళ్ళు కొట్టుకొచ్చిన కర్రలతోనో, ఎముకలతోనో చట్రం కట్టి, దానిమీద సీల్ చర్మం బిగించేవాళ్ళు. మగవాళ్ళు దాంట్లో వేటకి వెళ్ళేవాళ్ళు.

మరి ఆ తోలు కుట్టిందెవరు? ఆడవాళ్ళే! జంతువుల నరాలని దారంగా పేని, సూది తోలుని పూర్తిగా పొడుచుకుని అవతలికి రాకుండా సగం మందంలోనే నడిపి, చుక్క నీరు దూరని కుట్టు వేసేవాళ్ళు. ఆ కుట్టు కాస్త వదులైందా, ఇంటాయన తిరిగి రాడు. ఒక సంసారం మొత్తం ఆవిడ సూదిమొన మీద ఆధారపడి ఉండేదన్నమాట. పిల్లల్నీ సామాన్లనీ వేసుకుని ఊరు మారడానికి ఉమియాక్ అని ఇంకో పెద్ద పడవ ఉండేది. గ్రీన్‌లాండ్‌లో దాన్ని నడిపేది ఆడవాళ్ళే కాబట్టి 'ఆడవాళ్ళ పడవ' అనే పేరే పడిపోయింది. ఈ సంగతి తెలిశాక ఆ తెడ్డు పట్టుకోవడానికి నాకు సంకోచం అనిపించలేదు.

చేపలు పట్టే కయాక్‌లో కూర్చునే పీట పైనే ఉంటుంది. లోపల పడ్డ నీళ్ళు అడుగునున్న కన్నాల్లోంచి కిందికి పోతాయి. గాలపు కర్ర నిలబెట్టడానికి గొట్టాల్లాంటివి ఉంటాయి. వెనకాల ఒక ప్లాస్టిక్ బుట్ట, దాంట్లో ఎరలు, పటకారు, మంచినీళ్ళ సీసా. ప్రతి వస్తువుకీ ఒక తాడు. కట్టని వస్తువు చెరువుకి దానమిచ్చినట్టేనట!

మంచుగడ్డ వదిలిన గుంట

మేం వెళ్ళింది మసాచుసెట్స్ రాష్ట్రంలోని కేప్ కాడ్ అనే చోటికి. మోచెయ్యి మడిచినట్టు సముద్రంలోకి చొచ్చుకుపోయిన నేల అది. అక్కడ బ్రూస్టర్ అనే ఊళ్ళో నికర్సన్ స్టేట్ పార్క్ ఉంది. 1934లో ఒక కుటుంబం ఇచ్చిన నేలలో వెలిసింది. సుమారు 1900 ఎకరాల పైన్ అడవి, మధ్యమధ్య చెరువులు, గుడారాలు వేసుకోవడానికి నాలుగు వందలకి పైగా చోట్లు. నెలల ముందే చోటు రిజర్వు చేసుకోవాలి.

మా మకాం క్లిఫ్ పాండ్ అనే చెరువు దగ్గర. సముద్రం కూతవేటు దూరమైనా ఇవి మంచినీళ్ళ చెరువులే. మన చెరువులకి కట్ట ఉంటుంది, తూము ఉంటుంది, అలుగు ఉంటుంది. ఎవరో రాజో రెడ్డో తవ్వించిన కథ ఉంటుంది. వీటిని ఎవరూ తవ్వలేదు. 15 వేల ఏళ్ళకి పైమాట, ఆ ప్రాంతమంతా పరుచుకున్న హిమానీనదం కరిగి వెనక్కి పోతూ పోతూ పెద్ద పెద్ద మంచుగడ్డల్ని మట్టిలో వదిలేసింది. ఆ గడ్డలు కరిగిన చోట గుంటలు పడ్డాయి. భూగర్భజలం ఊరి అవే చెరువులయ్యాయి. క్లిఫ్ పాండ్ విస్తీర్ణం సుమారు 200 ఎకరాలు. లోతు కొన్నిచోట్ల 80 అడుగుల పైనే. ఇలాంటి చెరువుల్లో కొన్ని చోట్ల నాలుగడుగులు వేసేసరికి కాలికింద నేల జారిపోతుంది.

ఇంకో విశేషం చెప్పాలి. ఆ రాష్ట్రంలో పది ఎకరాలకి మించిన సహజమైన చెరువు ఏదైనా సరే జనం సొత్తే. గట్టున బంగళా కట్టుకున్నవాడు నీళ్ళు నావనడానికి వీల్లేదు. 1641లో ఆంగ్లేయుల వలసరాజ్యంలో రాసుకున్న శాసనం అది. 1647లో ఈ పది ఎకరాల లెక్క చేర్చారు. అయితే అప్పట్లో చేపలు పట్టే హక్కు ఇచ్చింది 'ఇంటి యజమాని'కి. ఆ యజమాని ఎవరో వేరే చెప్పాలా? దాదాపు నాలుగు శతాబ్దాలకి ఆ నీళ్ళ మీద గుంటూరు ఆవిడ, కరీంనగర్ ఆవిడ సొంతంగా లైసెన్సు తీసుకుని గాలం వేస్తుంటే చూడ ముచ్చటేసింది. మంచినీళ్ళలో చేపలు పట్టాలంటే అక్కడ పదిహేనేళ్ళు దాటిన ప్రతివాళ్ళకీ లైసెన్సు ఉండాలి. డెబ్భై దాటితే ఉచితం.

మా అమ్మ భయం

మా అమ్మ రానంటే రానంది. దానికో కారణం ఉంది. మా పెద్దమ్మ కొడుకు తొమ్మిదో ఏట మా ఊరి చెరువులో పోయాడు. గేదెల్ని కడగడానికి వెళ్ళినవాళ్ళ వెంట వెళ్ళాడు. గట్టున పదిమంది ఉన్నారట, దిగి తీయగలిగినవాళ్ళు ఒక్కరూ లేరట. ఆ రోజు నుంచి మా ఇళ్ళల్లో పిల్లలెవ్వరూ చెరువుకట్ట ఎక్కకూడదని కట్టుబాటు అయిపోయింది. నేనూ, చెల్లెలూ ఆ కట్టుబాటులోనే పెరిగాం.

ఇది మా ఒక్క ఇంటి కథ కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో ఇచ్చిన నివేదిక ప్రకారం 2021 ఒక్క ఏడాదిలోనే ప్రపంచంలో సుమారు 3 లక్షలమంది నీళ్ళలో మునిగి చనిపోయారు. వాళ్ళలో నూటికి 92 మంది పేద, మధ్యతరగతి ఆదాయాల దేశాలవాళ్ళు. దాదాపు నాలుగోవంతు ఐదేళ్ళ లోపు పసివాళ్ళు! అంటే నీళ్ళ దగ్గరికి వెళ్ళొద్దని చెప్పినంత మాత్రాన నీళ్ళు మన జోలికి రాకుండా పోవడం లేదు.

మా చెల్లెలు ముప్పై రెండేళ్ళ వయసులో ఈత నేర్చుకుంది. దాన్ని కదిలించింది ఐదేళ్ళ కూతురు. ఈత క్లాసు నుంచి వచ్చి, "అమ్మా, నేను మునిగిపోతే నువ్వు నన్నెలా తీస్తావ్?" అని అడిగిందట. మర్నాడే ఫీజు కట్టేసింది. నీళ్ళలో తల పెట్టడానికే మూడు వారాలు పట్టిందని నవ్వుతూ చెబుతుంది గానీ, ఆ మూడు వారాలూ ఇంటికొచ్చి ఏడ్చిందని మరిది నాతో చెప్పాడు.

ముందు పడటం నేర్చుకోవాలి

ఒడ్డుకి చేరగానే గాలాలు బయటికి తీస్తారనుకున్నాను. అబ్బే, ముందు అందరూ నీళ్ళలో పడాలన్నారు పెద్దావిడ! నడుం లోతు నీళ్ళలో కయాక్ ఎక్కించి, కావాలని బోల్తా కొట్టించి, మళ్ళీ ఎలా ఎక్కాలో నేర్పించారు. తిరగబడిన పడవని ముందు సరిగ్గా తిప్పుకోవాలి. దానిమీద చేతులు చాచి, కాళ్ళు గట్టిగా తన్ని, పొట్ట ఆనించి పైకి పాకాలి. ఆ తర్వాత మెల్లగా తిరిగి కూర్చోవాలి. తిరుపతి ఆవిడ ఐదుసార్లు జారి ఆరోసారికి ఎక్కారు. చప్పట్లే చప్పట్లు!

లైఫ్ జాకెట్ లేకుండా ఎవ్వరూ పడవ ఎక్కకూడదు. ఆ రాష్ట్రంలో సెప్టెంబరు 15 నుంచి మే 15 వరకూ కయాక్ ఎక్కినవాళ్ళు దాన్ని తొడుక్కునే తీరాలని చట్టమే ఉంది. ఎందుకంటే ఆ నెలల్లో గాలి వెచ్చగా ఉన్న రోజైనా నీళ్ళు చల్లగా ఉంటాయి. హఠాత్తుగా చన్నీళ్ళలో పడితే మనిషికి తెలియకుండానే ఊపిరి ఎగదన్నుకొస్తుంది. ఆ క్షణంలో నోట్లోకి నీళ్ళు పోతే గజ ఈతగాడైనా మునుగుతాడు. మా పెద్దావిడకి మాత్రం జూన్ అయినా, జులై అయినా ఒకటే నియమం. జాకెట్ భుజాలు పట్టి పైకి లాగి చూస్తారు. గడ్డం దాటి పైకి వచ్చిందా, బెల్టులు మళ్ళీ బిగించాల్సిందే.

ప్రతి ఒక్కరి మెడలో ఒక ఈల. మూడుసార్లు ఊదితే ఆపద అని గుర్తు. ఇద్దరిద్దరు జతగా వెళ్ళాలి. బయల్దేరేటప్పుడు గాలికి ఎదురుగా వెళ్ళాలి. అలిసిపోయి తిరిగొచ్చేటప్పుడు గాలే తోసుకొస్తుంది. నాలాగా ఈత రానివాళ్ళు ఇద్దరు కూర్చునే కయాక్‌లో, ఈత వచ్చినవాళ్ళతో, ఒడ్డు పక్కనే తిరగాలి. మా చెల్లెలు వెనక, నేను ముందు. చిన్నప్పుడు దాన్ని సైకిల్ మీద ఎక్కించుకుని తిప్పింది నేను. "ఇప్పుడు నా వంతక్కా" అంది.

చెయ్యి తడుపుకుని పట్టాలి

చేపలకి మంచి సమయం తెల్లవారుజాము. ఐదున్నరకే నీళ్ళ మీద తెల్లటి ఆవిరి లేస్తోంది. ఎక్కడా చప్పుడు లేదు. ఆ చెరువులో ట్రౌట్ అనే చేపల్ని ప్రభుత్వమే కేంద్రాల్లో పెంచి వసంతకాలంలోనూ, శరత్కాలంలోనూ తెచ్చి వదులుతుంది. బాస్, పర్చ్ అనే రకాలు అక్కడే గుడ్లు పెట్టి పెరుగుతాయి. వానపాముని ఎరగా గుచ్చడానికి నాకు చెయ్యి రాలేదు. కరీంనగర్ ఆవిడ నవ్వి, గుచ్చి ఇచ్చారు. చిన్నప్పుడు వాళ్ళ పక్కవాడలో గంగపుత్రులు వలలు అల్లుతుంటే గంటలకొద్దీ చూస్తూ కూర్చునేదాన్నని, ఒక్కసారి వల ముట్టుకోనివ్వమంటే "ఆడపిల్లలకెందుకమ్మా" అన్నారనీ చెప్పారు.

గాలానికి సీసపు గుండ్లు కట్టడం ఆ రాష్ట్రంలోని మంచినీళ్ళలో నిషేధం. ఔన్సు కంటే తక్కువ బరువున్న సీసపు గుండ్లని 2012 నుంచి వాడనివ్వడం లేదు. తెగి పడిపోయిన గుండ్లని లూన్ అనే నీటిపక్షి గులకరాళ్ళనుకుని మింగి, సీసం విషానికి చచ్చిపోతోందని ఆ నియమం పెట్టారు.

ఉన్నట్టుండి నా కర్ర కొస వంగింది. దారం చుట్టి లాగితే అరచేతి పొడవు పర్చ్, పసుపు ఒంటి మీద నల్ల చారలతో. "చెయ్యి తడుపుకో, చెయ్యి తడుపుకో" అని చెల్లెలు కేక. చేప ఒంటి మీది జిగురే దానికి రక్షణ. పొడి చెయ్యి తగిలితే ఆ జిగురు ఊడిపోయి రోగాలు పట్టుకుంటాయట. తడి చేత్తో పట్టి, గాలం మెల్లగా తీసి, నీళ్ళలో ఉంచితే తోక ఒక్కసారి ఆడించి మాయమైపోయింది. పట్టినవాటిలో చాలా వరకూ ఇలా వదిలేస్తారు. వంటకి సరిపడా ట్రౌట్ మాత్రం ఉంచుకున్నాం. శాకాహారి అయిన తిరుపతి ఆవిడ గాలం ముట్టకుండా చెరువంతా చుట్టి వచ్చారు.

అమ్మ సంగతి చెప్పలేదు కదూ! మొదటి రోజంతా పైన్ చెట్టు కింద కుర్చీ వేసుకుని, చెరువుకి వీపు పెట్టి కూర్చుంది. అప్పుడప్పుడు తల తిప్పి మా టోపీలు లెక్కపెట్టుకునేది. రెండోరోజు సాయంత్రం తనంతట తనే వచ్చి, "ఏదీ, ఆ చొక్కా ఒకసారి ఇలా ఇయ్యి" అంది. చీర మీదే లైఫ్ జాకెట్ తొడిగి బెల్టులు బిగించాం. చెల్లెలి చెయ్యి పట్టుకుని మోకాలి లోతు దాకా దిగి నిలబడింది. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ఇలాంటి చొక్కా అప్పట్లో ఒక్కటి ఉండి ఉంటే..." అంది. మేమెవ్వరం ఏమీ అనలేదు.

గుడారంలో సంసారం

ఇక మీరు అడగబోయే ప్రశ్న నాకు తెలుసు. "బాత్‌రూములెలా?" అనేగా! వేడినీళ్ళ స్నానాలతో సహా శుభ్రమైన గదులు నడిచి వెళ్ళేంత దూరంలోనే ఉన్నాయి. రాత్రి పదికల్లా అందరూ గొంతులు తగ్గించాలి. తిండి వస్తువులేవీ గుడారంలో ఉంచకూడదు. రకూన్‌లు జిప్పు లాగి మరీ దోచుకుపోతాయి కాబట్టి అన్నీ కారులో పెట్టి తాళం వేయాలి. మంట వేసుకోవడానికి కట్టెలు దూరం ఊళ్ళ నుంచి తేకూడదు, వాటితో పాటు చెట్లని తినేసే పురుగులు వస్తాయని.

అన్నిటికంటే జాగ్రత్త పడాల్సింది పిడుదులతో. గడ్డిలో పొంచి ఉండే నువ్వుగింజంత పిడుదు కరిస్తే లైమ్ జబ్బు వస్తుంది. రోజూ పడుకోబోయే ముందు ఒకళ్ళనొకళ్ళం చెవుల వెనకా, మోకాళ్ళ వెనకా వెతుక్కునేవాళ్ళం, అచ్చం పేలు చూసుకున్నట్టు! ఆ జబ్బు బయటపడిన తీరూ మనం తెలుసుకోదగ్గదే. 1975లో కనెక్టికట్ రాష్ట్రంలో లైమ్ అనే ఊరి దగ్గర పిల్లలకి కీళ్ళవాపులు వస్తుంటే, పాలీ ముర్రే అనే గృహిణి ఎవరెవరికి ఎప్పుడు ఎలా వచ్చిందో రాసిపెట్టుకుని ఆరోగ్యశాఖ వాళ్ళకి చెప్పింది. ఇంకో తల్లీ అలాగే గొంతెత్తింది. అక్కణ్ణించే పరిశోధన మొదలైంది. ఇంట్లో కూర్చుని గమనించే ఆడవాళ్ళ లెక్కకి అంత విలువుంది మరి.

రాత్రి మంట చుట్టూ కూర్చుని ట్రౌట్ ముక్కలకి ఉప్పు, పసుపు, కారం పట్టించి ఇనప పెనం మీద వేయించాం. పులిహోర ఇంటి నుంచి తెచ్చిందే. పెద్దావిడ రెండోసారి అడిగి పెట్టించుకున్నారు.

ఆవిడే అప్పుడు కార్నీలియా క్రాస్బీ సంగతి చెప్పారు. మెయిన్ రాష్ట్రంలో 1854లో పుట్టిన మనిషి. వేటకీ, చేపలకీ వచ్చేవాళ్ళకి దారి చూపే గైడ్లకి 1897లో లైసెన్సులు పెట్టినప్పుడు, ఒకటో నంబరు ఈవిడకే ఇచ్చారు. 'ఫ్లై రాడ్' అని ముద్దుపేరు. అయినా ఆవిడ వెనక ఆడవాళ్ళు గుంపులుగా రాలేదు. ఎందుకు రావడం లేదని 1990లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో క్రిస్టీన్ థామస్ అనే ప్రొఫెసర్ ఒక సదస్సు పెట్టి ఆరా తీశారు. అడ్డంకుల్లో చాలా వరకూ నేర్పేవాళ్ళు లేకపోవడం వల్ల వచ్చినవేనని తేలింది. మరుసటి ఏడాదే ఆడవాళ్ళ కోసం శిబిరాలు మొదలుపెట్టారు. గాలం వెయ్యడం, పడవ నడపడం, గుడారం వెయ్యడం అన్నీ నేర్పేవి. అవి తర్వాత ఎన్నో రాష్ట్రాలకి పాకాయి. మా పెద్దావిడ తెడ్డు పట్టడం నేర్చుకుంది అలాంటి శిబిరంలోనే.

మరి మన చెరువుల మాట?

"బాగానే ఉందమ్మా, అమెరికా కబుర్లు" అంటారేమో. మనకి చెరువులకి కొదవా? కొల్లేటిలో తాటిబోదెని తొలిచి చేసిన దోనెల మీద తిరిగిన జాతి మనది. వికారాబాద్ దగ్గర కోట్‌పల్లి జలాశయం కొన్నేళ్ళుగా కయాకింగ్‌కి పేరు తెచ్చుకుంది. అయితే మన దగ్గర గాలం వేసేముందు ఒక్క మాట గుర్తుంచుకోవాలి. మన చెరువుల్లో చేపల మీద హక్కు చాలా చోట్ల మత్స్యకారుల సంఘాలది. అది వాళ్ళ తిండి. అడక్కుండా పట్టడం వినోదం అనిపించుకోదు. పడవ షికారుకి ఆ పేచీ లేదు. ఎక్కడికి వెళ్ళినా లైఫ్ జాకెట్ ఇస్తారా, అది పిల్లల కొలతకి సరిపోతుందా, పడితే తీసే మనిషి ఉన్నాడా అని ముందు అడగండి. లేదంటే మొహమాటపడకుండా వెనక్కి వచ్చేయండి.

ఎవరైనా మునుగుతుంటే ఈత రానివాళ్ళు వెంటనే దూకకండి. కర్రో, చీర కొంగో, తాడో, ఖాళీ ప్లాస్టిక్ బిందో విసరండి. మూతి బిగించిన ఖాళీ డబ్బా కూడా మనిషిని తేలుస్తుంది. ఇది ప్రతి ఊళ్ళో ప్రతి ఆడపిల్లకీ తెలియాలి.

ఊరికి తిరిగొచ్చాక మా అమ్మాయిని ఈత క్లాసులో చేర్పించాను. ఫీజు మా అమ్మ కట్టింది. ఈతకొలనుల్లో చాలా చోట్ల ఆడవాళ్ళకి వేరే వేళలు ఉంటున్నాయి. ఒళ్ళంతా కప్పే ఈత దుస్తులూ దొరుకుతున్నాయి. వేసవి సెలవులొస్తే పిల్లల్ని సంగీతంలో చేర్పించాలా, కంప్యూటర్‌లో చేర్పించాలా అని తర్జనభర్జన పడతాం కదా! ఈసారి ఈతని ఆ జాబితాలో మొట్టమొదట రాయండి. అబ్బాయి పేరు పక్కనే అమ్మాయి పేరూ రాయండి. ఇంకో గడి ఖాళీ ఉంటే మీ పేరు కూడా.